గొంతు పోయిన ఆరు కంప్యూటర్లు

నా పేరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు నలభై మూడు. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటల్ని విని టైపు చేసే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. అక్కడ అందరూ నన్ను వైర్ల బాబాయ్ అంటారు. కేబుల్ కోసింది నేనే. ఎవరూ చెప్పి చేయించలేదు. ఎందుకు కోశావని అడుగుతున్నారు కాబట్టి మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో ఆపకండి.

మా దగ్గర టైపు చేసే ఆరుగురికీ చూపు లేదు. అందులో ఒకరు మా అక్క. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటరు చదివి వినిపిస్తుంటే, హెడ్‌ఫోన్లో అది వింటూ పని చేస్తారు. ఆ గొంతు లేకపోతే వాళ్ళకి అది ఉత్త డబ్బా. ఈ ఉద్యోగం రాకముందు అక్క చుట్టాలిళ్ళలో పాపం అనిపించుకుంటూ ఓ మూల కూర్చునేది. ఇప్పుడు ఆ చుట్టాలే ఆమెని సలహాలడుగుతారు.

నాలుగేళ్ళ కిందట కంప్యూటర్లలో పాత సిస్టమ్ తీసేసి, ఎవరైనా ఊరికే వాడుకోగల ఓపెన్ సోర్స్‌ది పెడదామన్నది నేనే. రెండు రకాలు చూశాం. ఒకటి ఎవరెవరో ఇష్టం కొద్దీ ఊరికే నడిపేది. రెండోదాని వెనకాల పెద్ద కంపెనీ ఉంది. ఊరికే చేసేవాళ్ళకి రేపు విసుగొస్తే మన గతేంటి, కంపెనీ అయితే ఎక్కడికీ పోదు అన్నాను. అన్నది నేనే సార్, రాసుకోండి. "వాళ్ళకి మనతో పనేముందిరా?" అని అక్క అడిగింది. నీకెందుకు, నేను చూసుకుంటాగా అన్నాను.

కిందటి నెల కంపెనీ కొత్త వెర్షన్ తెచ్చింది. మా ఇంట్లో మెషీన్లో వేసి చూశాను. రంగులు బ్రహ్మాండం. గొంతు లేదు. లాగిన్ దగ్గరే మూగబోయింది. కంపెనీకి రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఆ సౌకర్యం గురించి మున్ముందు ఆలోచిస్తాం అన్నారు. మళ్ళీ రాశాను. మళ్ళీ ధన్యవాదాలే. ఒళ్ళు మండిపోయింది.

అప్‌డేట్ ఆపడం మా చేతిలో లేదు. సపోర్టు కోసం ఒప్పందం చేసుకున్నప్పుడు ఆ అధికారం కంపెనీకే ఇచ్చేశాం. మేనేజర్ మేడమ్‌కి చెబితే, అంత పెద్ద కంపెనీ చూపులేనివాళ్ళని వదిలేస్తుందా, మీదంతా కంగారు అని కొట్టిపారేశారు. ఆవిడకి ఆ నమ్మకం ఎక్కించిందీ నేనే.

కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కదా, నువ్వే బాగుచేసుకోవచ్చుగా అని మీ స్టేషన్ రైటర్ గారు అడిగారు. తలుపు తెరిచి ఉంటే సరా సార్? లోపల గోడ కట్టడం రావాలి కదా. నాకొచ్చింది వైర్లు లాగడం.

నిన్న మధ్యాహ్నం ఆ వెర్షన్ వస్తుందన్నారు. పన్నెండు కాకముందే మెట్ల కింద పెట్టె తెరిచి కేబుల్ కోసేశాను. నెట్ లేకపోతే ఎలా వస్తుందిలే అని నా తెలివి. పక్కనున్న కరెంటు తీగ కూడా తెగింది. బిల్డింగంతా ఆగిపోయింది. కింద పళ్ళ డాక్టరు దగ్గర ఒకాయన కుర్చీలో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడట. ఆయనకి క్షమాపణ చెప్పానని రాయండి.

కరెంటు వచ్చాక అసలు సంగతి తెలిసింది. వాళ్ళు దాన్ని ముందురోజే మా మెషీన్లలోకి దించేసి ఉంచారు. మెషీన్ ఒక్కసారి ఆగి లేస్తే చాలు, ఎక్కేస్తుంది. మేం వాటిని ఎప్పుడూ ఆపం. నిన్న ఆపింది నేను. ఆరూ కొత్త రంగులతో లేచాయి.

మేడమ్ నన్ను బయటికి పిలిచి, డాక్టర్లు ఆగరు, సోమవారం నుంచి చూపున్నవాళ్ళని పెట్టుకుంటానన్నారు. నేను లోపలికి వచ్చాను. అక్క రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా తెర వెలుగుతోంది, పాస్‌వర్డ్ అడుగుతోంది.

"ఇంకా లేవలేదారా?" అంది.

"లేదక్కా, టైం పడుతుంది" అన్నాను.

మీ కానిస్టేబుల్ వచ్చి నన్ను తీసుకెళ్ళేదాకా ఆమె చేతులు తియ్యలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మీతో నేను అబద్ధం ఆడలేదు. అక్కతో ఆడాను. ఆమె స్టేషన్‌కి వస్తే ఆ సంగతి మీరు చెప్పకండి, నేనే చెప్పుకుంటాను.

(ముద్దాయి సంతకం)