నడుమ కదలని తీగ

"తాతా, తీగ మీద అలల లెక్క నాకు బుర్రకెక్కట్లేదు. నువ్వు చెప్పవా?"

ఎక్కకేటి, ఎక్కుతాది. ఇలా కూకో. ముందా ఫేను కట్టీ, నా మాట నాకే ఇనబడట్నేదు. అదిగో, ఆ గోడకి సిన్న విల్లుంది సూడు. నీ లెక్కంతా దాంట్లోనే ఉన్నాది.

మా బాబు, అంటే మీ ముత్తాత, ఈ అనకాపల్లిలోనే బెల్లం మార్కెట్టెనక ఈదిలో దూదేకీవోడు. సెరుకు డబ్బులు సేతికొత్తే సాలు, సుట్టుపక్కల రైతులు పెళ్ళి పరుపులకని బళ్ళ మీద దూది ఏసుకొచ్చీవోరు. పరుపు కూలి అప్పుడు అణాల్లో ఉండీదనుకో... సర్లే, అది మన కత కాదు. దూదేకడానికి మాకు రెండు విళ్ళుండీవి. పెద్దదానిది బొంగురు గొంతు, సిన్నదానిది సన్న గొంతు. పొద్దున్నే రెండూ మీటి, మొగోడూ ఆడదీ ఒకే పాట ఎత్తుకున్నట్టు కలిసీదాకా మా బాబు విల్లుకి కట్టిన నరం బిగించీవోడు. "కలిసేయేట్రా?" అని నన్నడిగీవోడు. నేను ఊఁ అంటేనే పని మొదలు. అలాగ నా సెవికి బొంగురూ సన్నమూ ఒకటైపోయేయి.

ఆ సిన్న విల్లు నా కోసమే సేయించేడు. ఇంటరు పరీక్ష తప్పితే దాని ముందు కూకోవాల, నెగ్గితే బీయస్సీ. అదీ మా ఇద్దరి ఒప్పందం. నాకేమో సదువంటే పేణం.

యుద్దం రోజులవి. ఇక్కడ స్టేషన్లో బండెక్కి పట్నం కాలేజీకెల్లీవోణ్ణి. బండి నిండా సిపాయిలే, కాలు పెట్టడానికి సోటుండీది కాదు. నిలబడే సదివీవోణ్ణి. మీకిప్పుడు కాలేజీ బస్సు ఇంటి ముందుకొత్తాది, అయినా ఆలీసమే.

ప్రాక్టికల్ పరీక్షలో నాకు సోనోమీటరొచ్చింది. పొడుగాటి సెక్క పెట్టె, దాని మీద తీగ, తీగ సివర బరువులు, తీగ కింద జరుపుకునే రెండు సెక్క ముక్కలు. ఓ ట్యూనింగు ఫోర్కిచ్చి, ఇది సెకనుకెన్నిసార్లు ఊగుతాదో కనిపెట్టమన్నారు. సెక్కలు జరుపుతా తీగ గొంతు ఫోర్కు గొంతుతో కలపాల. కలిసిందనడానికి సాచ్చికమేటంటే, తీగ మద్దిలో కాయితం ముక్క పెట్టి, మోగే ఫోర్కు పెట్టె మీద ఆనిత్తే కాయితం ఎగిరి పడాల.

నేను కాయితం పెట్టనేదు. సెవుండగా కాయితమెందుకనుకున్నాను. మీటేను, కలిసింది, కొలిసేను, అందరికంటే ముందు సేతులు దులుపుకున్నాను. మాష్టారొచ్చి తనే కాయితం పెట్టి ఫోర్కు ఆనించేడు. కదల్నేదు. మళ్ళీ ఆనించేడు. కూకున్నది కూకున్నట్టే ఉన్నాది.

"తప్పయ్యా" అని కలం తీసేడు. టైమైపోయింది, మళ్ళీ తీగ ముట్టుకోనివ్వరు. నా కళ్ళకి ఈ విల్లే కనబడ్డాది.

అప్పుడాలోసించేను. సెవి కలిసిందంటన్నాది, కాయితం కాదంటన్నాది. రెండూ నిజమైతే? తీగలో అల పోతాది, సెక్క కాడ తిరగబడి ఎనక్కొత్తాది. పోయేదీ వచ్చేదీ కలిసి తీగ రెండు ముక్కలుగా ఊగుతాది. ఇటు సగం పైకెల్తే అటు సగం కిందకి. మద్ది మాత్రం కదల్దు. కాయితం సరిగ్గా అక్కడే కూకుంది. మా ఇంటి అలవాటుకి నా సెవి తీగ బొంగురునీ ఫోర్కు సన్నాన్నీ కలిపీసింది, తీగేమో కావలసిన దానికి రెట్టింపు పొడుగుంది.

"సార్, కాయితం మద్దిలో కాదు, పావు కాడ పెట్టి సూడండి" అన్నాను. ఆయన నాకేసోసారి సూసి, పెట్టేడు. ఫోర్కు ఆనించగానే కాయితమెగిరి బల్ల కింద పడ్డాది.

"ఎందుకలాగ?" అన్నాడు.

సెప్పేను. నువ్వూ ఇనుకో. అల ఎంత జోరుగా పోతాదో సెప్పేది తీగ బిగుతూ, గజం తీగ తూగే బరువూ. బిగుతుని ఆ బరువుతో భాగించి వర్గమూలం తీత్తే అదే జోరు. తీగంతా ఒక్క ముక్కగా ఊగితే, తీగ పొడుక్కి రెట్టింపు ఒక అల. రెండు ముక్కలుగా ఊగితే తీగ పొడుగే ఒక అల. జోరుని అల పొడుగుతో భాగించు, ఫోర్కు లెక్కొచ్చేత్తాది. "కొలత తప్పు కాదు సార్, సూత్రంలో రెండు ముక్కలని ఏత్తే సాలు" అని అక్కడికక్కడే ఏసి సూపించేను. సరిగ్గా వచ్చింది. ఆయన కలం మూసి, "నీ పేరేటయ్యా?" అని అడిగేడు. మస్తానండీ అన్నాను. ఇప్పటికీ గర్వమే నాకు. ఎందుకుండకూడదు?

సాయంత్రం ఇంటికొత్తే మా బాబు దూది మద్దిలో ఉన్నాడు. "ఏటైందిరా?" అన్నాడు. నేను పెద్ద విల్లు నరానికి మద్దిలో ఆనీ ఆనకుండా వేలెట్టి, పక్కన మీటేను. అందులోంచి సిన్న విల్లు గొంతొచ్చింది. మా బాబు సేతిలో కర్ర కింద పెట్టీసేడు. మళ్ళీ మీటమన్నాడు, మీటేను. సెవి దగ్గరకెట్టి ఇన్నాడు.

"అయితే ఇది దాంట్లోనే ఉన్నాదన్నమాట" అన్నాడు. లేసి, మీసాలకంటిన దూది తుడుసుకుని, సిన్న విల్లట్టుకెల్లి ఆ మేకుకి తగిలించీసేడు. "ఇంక దీంతో నీకు పన్నేదు. సదువుకో." రిజల్టింకా రానేనేదు తల్లీ. నేను నెగ్గేనని నాకంటే ముందు ఆయనకి తెలిసిపోయింది.

ఆ మేకు అదే. నరం మొన్ననే మార్పించేను. దించు దాన్ని, జాగర్త. మద్దిలో వేలు ఆనించు... అంత నొక్కకు. ఇప్పుడు పక్కన మీటు. ఆఁ, ఇన్నావా? నూరేళ్ళు సల్లగా ఉండు నా తల్లీ, మీ ముత్తాత సెవి నీకొచ్చింది. ఏదీ, ఇంకోసారి మీటూ...