ట్రాన్సాక్షన్ ఆగిన చోటు

అది ముగ్గురు భాగస్వాముల చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ: బాబాయ్, ఆయన అన్న పిల్లలిద్దరూ. ఏ నిర్ణయం తీసుకున్నా డిజిటల్ సంతకాలతో బ్లాక్‌చెయిన్‌కి, అంటే ఎవరూ చెరపలేని ఆన్‌లైన్ చిట్టాకి, ఎక్కాల్సిందే. ఆ నిబంధనలన్నిటినీ కోడ్‌గా రాసిన బాబాయ్ బల్ల ముందు, ల్యాప్‌టాప్ పట్టుకుని అన్నకూతురు నసుగుతోంది.

"ఎన్నిసార్లు పంపినా తిప్పికొడుతోంది బాబాయ్. ఎక్కడ ఆగిందో చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"ఏం పంపావు?"

"ఏదో... మామూలు పనే."

"మామూలు పనికి ఆ మొహమేంటే, గోడ దూకుతూ దొరికిపోయినట్టు? సరే, బ్రౌజర్‌లో డీబగ్గర్ తెరువు."

"తెరిచా. ట్రాన్సాక్షన్ నంబరు కూడా ఇచ్చా. అంతా పిచ్చి అక్షరాలే వస్తున్నాయి."

"రావా మరి? ముందు మన కోడ్ అక్కడ పెట్టి కంపైల్ చెయ్యకపోతే దానికేం తెలుస్తుంది, నీ మొహం!"

"చేశా... ఆఁ, లైన్లు కనిపిస్తున్నాయి."

"ఇక బాణం నొక్కుతూ పో. ఒక్కో అడుగే వేస్తూ, ఏం జరిగిందో చూపిస్తుంది."

"నేను నొక్కుకుంటాలే. నువ్వెళ్ళి కాఫీ తాగు."

"తాగేశా. జరుగు. ఇదేంటి, 'భాగస్వామిని తొలగించు' అనుంది?"

"అది... టెస్టింగ్."

"టెస్టింగ్ అయితే అసలు నెట్‌వర్క్ మీదెందుకుంది?"

"చెయ్యి జారింది."

"అన్నిసార్లూ జారిందా? ఆగాగు. తొలగించమన్న ఈ ఖాతా... నాదే కదే!"

"బాబాయ్..."

"మీ అన్నయ్య సంతకం. పక్కనే నీది. బాగుంది."

"నువ్వు మాత్రం? అంత పెద్ద కస్టమర్‌ని పట్టుకుని 'బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా' అంటావా? బాబాయో నేనో తేల్చుకోమన్నాడు అన్నయ్య. నేనేం చెయ్యను!"

"ఆయన నిజంగానే పెట్టొచ్చాడు. అది సరే, నన్ను పీకే పనికి నా చేతే రిపేరా? ఏం గుండెలే నీకు!"

"సిగ్గుగానే ఉంది బాబాయ్."

"ఉండనీ. బాణం నొక్కు. ఇంకోటి. ఊఁ, ఆగింది ఇక్కడే. చదువు."

"తీసేసే మనిషి కూడా సంతకం పెడితేనే... ఇదేం రూలు? తనని తీసెయ్యమని ఎవరైనా సంతకం పెడతారా? నీ కుర్చీ కోసం రాసుకున్నావన్నమాట!"

"నా కుర్చీకా? నువ్వు చేరిన కొత్తలో సర్వర్ మొత్తం తుడిచిపెట్టేశావు, గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు?"

"నిన్ను తీసేద్దాం, సంతకం పెట్టమని మీ అన్నయ్య నా నెత్తినెక్కి కూర్చున్నాడు. ఆ సాయంత్రం రాశానీ లైను."

"అంటే... ఇది నా కోసం రాశావా బాబాయ్?"

"ల్యాప్‌టాప్ ఇలా తే. నా సంతకం కూడా పడితే ఈసారి వెళ్ళిపోతుంది."