పవర్ పెట్టెలో మడత కాగితం

అరవై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చిన చెయ్యి ఇది. ఒత్తులు తప్పి ఉంటాయి, దీర్ఘాలు ఎగిరిపోయి ఉంటాయి. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. దిద్దుకుని చదవండి, ఏమీ అనుకోను.

మూడో అంతస్తులో ముందుగది. బల్ల మీద ప్రింటర్. దాని చుట్టూ అత్త, కోడలు, ప్రింటర్లు బాగుచేసే ఆవిడ.

"...నిన్న సాయంత్రం బాగానే ఉంది మెకానిక్ గారూ. పొద్దున స్విచ్చి వేస్తే లైటే వెలగలేదు. పన్నెండింటికల్లా నా నామినేషన్ కాగితం కింద ఇచ్చెయ్యాలి. లేకపోతే ఆ మీసాలాయనే మళ్ళీ మూడేళ్ళు మన బిల్డింగుకి అధ్యక్షుడు."

"ఇప్పుడెంతయింది?"

"పదకొండుంపావు. అత్తయ్యా, మీరు దగ్గరుండి చూసుకోండి. నేను రెండో అంతస్తులో నాలుగు ఓట్లు అడిగొస్తా."

"వెళ్ళవే తల్లీ, వెళ్ళు. తొందరేం లేదు, నిదానంగా రా."

"ఏంటి పెద్దమ్మా, కోడలు అటు వెళ్ళగానే మీకు చెమటలు పడుతున్నాయి?"

"ఫ్యాను తిరగట్లేదు సరిగ్గా. అమ్మాయీ, అది బాగవదులే. వయసైపోయింది దానికి. తీసుకెళ్ళి నీ షాపులో పెట్టుకుని నాలుగు రోజులాగి ఇయ్యి."

"రెండేళ్ళ మిషనుకి వయసేంటి. ముందు గోడ దగ్గర నుంచి మొదలెడదాం. ఆ టేబుల్ ల్యాంపు ఇటివ్వండి. ఈ ప్లగ్గులో పెడితే... వెలిగింది. గోడలో కరెంటుంది."

"అయ్యో, ఉందా."

"ఉంటే అయ్యో ఏంటి?"

"అంటే, ల్యాంపుకి ఉంది, దీనికి లేదే పాపం అని."

"తర్వాత వైరు. కరెంటు చూసే ఈ మీటరు ముళ్ళు ఈ చివరొకటి, ఆ చివరొకటి పెడతా. కుయ్ అంటే వైరు తెగలేదని."

"అనలేదుగా. తెగిపోయింది."

"నేనింకా పెట్టలేదు పెద్దమ్మా."

"ఓహో."

"ఇదిగో, కుయ్. విన్నారా?"

"నాకు ఈ చెవి సరిగ్గా వినపడదు."

"రెండో చెవికి?"

"అది ఇంకా అధ్వాన్నం. టీ పెట్టనా? తాగుతూ ఓ గంట కబుర్లు చెప్పుకుందాం."

"మీకు ఈ ప్రింటరంటే పగా?"

"ఛ ఛ. దాన్నసలు ముట్టుకోనైనా ముట్టుకోను నేను."

"మరి వెనకాల ఈ పవర్ పెట్టె మీద దుమ్ములో వేళ్ళ గుర్తులున్నాయే. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు."

"ఈ బిల్డింగులో పిల్లులెక్కువ."

"పిల్లికి బొటనవేలా. సరే, పెట్టె బయటికి లాగుతున్నా. గోడలోంచి వచ్చే కరెంటుని ఇదే తగ్గించి మిషనుకి అందిస్తుంది. ఇరవై నాలుగు వోల్టులు ఉండాలి. మీటరు మీద ఎంతుందో చదవండి."

"నాకు చదువు రాదు."

"పోయిన వారం మా షాపు బోర్డు మొత్తం గట్టిగా చదివి, కింద ఫోన్ నంబరు కూడా వదల్లేదు."

"...ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగే. గోడ బాగుంది, వైరు బాగుంది, పెట్టె బాగుంది, మిషను మాత్రం చచ్చింది. అంటే పెట్టెకీ మిషనుకీ మధ్యలో ఎవరో కూర్చున్నారు."

"కూర్చోనీ అమ్మా. కూర్చున్నవాళ్ళని లేపడం ఎందుకు."

"పెట్టె దిగే గూట్లోకి టార్చి వేస్తే... ఆహా. కాగితం. నాలుగు మడతలు పెట్టి, కరెంటు అందుకునే పిన్నులకి అడ్డంగా దోపారు. పైకి చూస్తే పెట్టె లోపలికి దిగినట్టే ఉంటుంది, పిన్నులు మాత్రం తగలవు. ఎవరో పనితనం తెలిసినవాళ్ళే."

"అంత బాగా చేశానా?"

"ఏంటీ?"

"చేశారా అని. వాళ్ళు."

"పెద్దమ్మా, ఈ కాగితం నిండా ఒకటే సంతకం. పంతొమ్మిది సార్లు. మీదే."

"ఇరవై. చివరిది మడతలో పడింది."

"ఈ పెట్టె ఊడుతుందని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. పోయినసారి వచ్చినప్పుడు పెట్టె మీదున్న ఆ ప్లాస్టిక్ నాలిక నొక్కి లాగలా? నేను పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నా. చేతులకి పనుంది గానీ కళ్ళకి లేదుగా."

"ఎందుకు చేశారో అది చెప్పండి."

"నవ్వనంటే చెప్తా."

"నవ్వను."

"నేనూ నిలబడుతున్నా."

"ఎక్కడ?"

"ఎన్నికల్లో. అధ్యక్షురాలిగా."

"మీ కోడలి మీదా?"

"నవ్వనన్నావు."

"నవ్వట్లేదు, పొలమారింది. ఎందుకు పెద్దమ్మా?"

"రెండో మలుపులో మెట్ల పక్కన కూర్చోడానికి ఓ బల్ల వేయించాలే, ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నువ్వు గెలిస్తే ముందు ఆ పని చెయ్యవే అని అడిగా. 'చూద్దాం అత్తయ్యా' అంది. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, చూద్దాం అంటే ఏంటో నాకు తెలీదా? మా ఆయన చూద్దాం చూద్దాం అంటూనే వెళ్ళిపోయాడు."

"మరి మధ్యలో ఈ ప్రింటరేం చేసింది?"

"పొద్దున కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు కంప్యూటర్లో ఫారం నింపి నొక్కా. రాలేదు. మళ్ళీ నొక్కా. రాలేదు. పదకొండుసార్లు నొక్కాక గుర్రుమని మొదలెట్టింది. ఇంతలో బాత్రూం గడియ చప్పుడు. వైరు పీకేశా. మళ్ళీ పెడితే దానంతట అదే మొదలెడుతోంది. చేతిలో ఉన్న కాగితం మడిచి దోపేశా."

"అంటే ఇప్పుడు నేను పెట్టె పెట్టగానే ఆ పదకొండూ బయటికొస్తాయి."

"అందుకేగా టీ తాగమన్నది."

"అత్తయ్యా, వచ్చేశా. పదకొండూ నలభై. మెకానిక్ గారూ, జబ్బు దొరికిందా?"

"దొరికిందమ్మా. పిన్నుల మధ్య దుమ్ము చేరింది. బాగా చదువుకున్న దుమ్ము."

"అయితే పెట్టెయ్యండి."

"పెద్దమ్మా, పెట్టెయ్యనా?"

"నన్నడుగుతావేంటే... పెట్టు."

"వెలిగింది. మీ చెయ్యి బంగారం మెకానిక్ గారూ. అరె, నేనింకా నొక్కనే లేదు, ఏదో వస్తోంది. అత్తయ్యా, దానికి అడ్డంగా నిలబడ్డారేంటి?"

"నీడకి."

"ఇంట్లో నీడేంటి, ఇటివ్వండి. 'అధ్యక్ష పదవికి నామినేషన్. అభ్యర్థి...' అత్తయ్యా."

"చదువు, చదువు. అచ్చులో నా పేరు ఎలా ఉంటుందో నేనూ చూడలేదు."

"'చేయదలచిన పనులు: ఒకటే. బల్ల. ప్రతిపాదించేవారు: మా కోడలు.' నేనా?"

"ఇంకెవర్ని అడగను? నాకు అక్షరాలు దిద్దించింది నువ్వేగా."

"నా మీద పోటీకి నేనే సంతకం పెట్టాలా?"

"మొహమాటమైతే మానెయ్. మీసాలాయన్ని అడుగుతా."

"ఇంకోటొస్తోంది. ఇంకోటి. ఎన్నిసార్లు నొక్కారు అత్తయ్యా?"

"పదకొండే."

"ట్రేలో ఉన్న కాగితాలూ పదకొండే. అదిగో ఎర్ర లైటు, అన్నీ అయిపోయాయి. షాపుకి వెళ్ళొచ్చే టైము లేదు. నా ఫారం దేనిమీద వెయ్యను?"

"వెనకవైపు ఖాళీయే కదమ్మా. తిప్పి పెట్టండి. ఒకవైపు అత్తగారు, ఒకవైపు కోడలుగారు."

"మెకానిక్ గారూ, మీరు నవ్వు ఆపితే నేనూ ఆపుతా."

"మీరిద్దరూ ఆపండే, నాకు పొట్ట నొప్పొస్తోంది."

"బల్ల వేయిస్తానంటే తప్పుకుంటారా అత్తయ్యా?"

"నోటిమాటగానా?"

"ఉండండి, ఫారంలోనే కొడతా. నొక్కా. ఇదిగో, మీరే చదవండి."

"'చేయదలచిన పనులు. ఒకటి. రెండో... మలుపులో... బల్ల.' వీపు ఆనుకునేది అని లేదే."

"అచ్చయిపోయింది."

"పెన్నుతో రాయి."

"రాశా. ఇప్పుడు తప్పుకుంటారా?"

"ఎలా తప్పుకుంటానే? ఇరవైసార్లు దిద్దిన సంతకం, ఎక్కడో ఓచోట పెట్టాలిగా. పెన్నిటివ్వు. నాది నువ్వు ప్రతిపాదించు, నీది నేను ప్రతిపాదిస్తా. పద, పన్నెండవుతోంది. చెయ్యి పట్టుకుని దింపు, రెండో మలుపులో కాస్త ఆగాలి."

నన్ను అందరూ పిలిచే పేరు మూడో అంతస్తు అత్తగారు. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది అదే ఇంట్లో, అధ్యక్షురాలి పక్క గదిలో. ఇది రాసింది మాత్రం రెండో మలుపులో, బల్లకి వీపు ఆనించుకుని. కోడలు మీసాలాయన మీద ఒక్క ఓటుతో గెలిచింది. ఆమెకి ఓటు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు పడిందీ ఒక్క ఓటే. అదెవరు వేశారో చెప్పవే అంటే, "చూద్దాం అత్తయ్యా" అంటుంది.