వెనక పిలుపు

కోట మండలంలో ఒక జాలర్ల పాళెం. సముద్రం ఒడ్డున రోజారమణి నెత్తళ్ళనే చిన్న చేపల్ని పట్ట మీద ఎండబెడుతోంది. ఆరేళ్ళ తర్వాత ఊరికి వచ్చిన తమ్ముడు మాలకొండయ్య, భుజాన సంచి దించకుండా పక్కన నిలబడి ఉన్నాడు.

"సంచి దించురా కొండా. భుజం పీక్కుపోతాది."

"పర్వాలేదక్కా. పోయేవాణ్ణే గదా."

"ఇప్పుడేగా వచ్చింది. మంచినీళ్ళన్నా తాగలా."

"అమ్మ సమాధి కాడ పూలు పెట్టొచ్చినా. వచ్చిన పని అయిపోయింది. కోటకి బస్సు ఎప్పుడుంది?"

"నాకేం తెలుసు బస్సుల సంగతి."

"ముందు నీకు అన్ని బస్సులూ తెలిసేవి."

"ముందు నువ్వు వస్తా ఉంటివి. ఆ పట్ట కొంచెం ఇట్టా లాగు. కాకులు చూడు, ఎట్టా తిరగతుండాయో."

"నాయన బోటు ఎప్పుడొస్తాది?"

"వచ్చేదే. ఇంకాసేపటికి."

"అయితే నేను ఆలోపల పోతా. పట్ట లాగమని, కాకుల్ని తోలమని నన్ను ఆపొద్దు."

"కాకుల్ని నేను పిలిపించినానా?"

"అక్కా, నీ చేతులకేందది? నా ఫుట్‌బాల్ గ్లౌజులు గదా?"

"నువ్వు పంపినవే. ఎంత బాగుండాయో. పీత కొరికినా తెలవదు."

"కొల్‌కతాలో వాటికోసం పిల్లకాయలు కొట్టుకుంటారు, తెలుసా?"

"ఈడ పీతలు కొట్టుకుంటుండాయి. ఇంకో జత నాయన తీసుకున్నాడు. తాడు లాగేటప్పుడు ఏసుకుంటాడు. వేళ్ళు చినిగిపోయినా పారెయ్యనీడు."

"ఆయన మాట నా కాడ ఎత్తొద్దు."

"ఎత్తనులే."

"నిజంగా ఏసుకుంటాడా?"

"ఎత్తొద్దంటివి గదా. ఒడ్డున తాడు పట్టుకునేవాళ్ళు గూడా లేరురా ఇప్పుడు. నువ్వు పిల్లోడివిగా ఉన్నప్పుడు బోటు ఇంకా అలల మీద ఉండంగానే నాయన తాడు విసిరేవాడు. నువ్వు ఎగిరి పట్టేవాడివి. ఒక్కసారన్నా నీళ్ళలో పడనిచ్చినావా? ఆటల మాస్టరు అది చూసే గదా నిన్ను హాస్టల్‌కి అడిగింది. 'ఈ పిల్లోడి చేతులు ఫుట్‌బాల్‌కి ఇయ్యి పోలేరయ్యా' అన్నాడు."

"'చేతులు నీకిస్తే కాళ్ళతో నేనేం చేసుకునేది' అన్నాడు నాయన."

"కాళ్ళతో ఆడే ఆటకి చేతులున్నోడు ఎందుకని పాళెమంతా నవ్వింది. ఇప్పుడు నాయన తాడు విసరడు. తనే నడుము లోతు నీళ్ళలోకి దూకి మోసుకొస్తాడు. ఆ వయసులో."

"వేరేవాళ్ళకి విసరొచ్చు గదా."

"విసరడు."

"మొండోడు."

"నువ్వు మెత్తనోడివి మరి. సరేగాని, ఈసారి ఏ ఊరు? మళ్ళా గోవానేనా?"

"చూడాల."

"చూడాలంటే? ఎప్పుడూ ఈ పాటికి ఏదో ఒక క్లబ్బు చెప్పేవాడివి."

"ఆ నెత్తళ్ళు తిరగెయ్యవా? మాడిపోతుండాయి."

"ఎండకి నెత్తళ్ళు మాడవు. ఏ క్లబ్బు కొండా?"

"ఏ క్లబ్బూ లేదక్కా. ఈ భుజం రెండుసార్లు కోసినారు. ఇంక కుడిపక్కకి దూకొద్దన్నాడు డాక్టరు. కుడిపక్కకి దూకలేని కీపరు ఎవరికి కావాల? పోయినేడంతా బెంచీ మీదే ఉండా. ఇరవయ్యేళ్ళ పిల్లోడు గోల్లో నిలబడితే నేను వాడికి నీళ్ళ సీసా అందించినా. ఆఖర్న ఒక జెర్సీ చేతికిచ్చి, అందరూ నిలబడి ఫోటో తీసుకున్నారు."

"అయితే ఇంక ఆడవా?"

"ఆడను."

"భుజం బాగయినాక గూడా?"

"ఇది బాగయ్యేది కాదు."

"నిజం చెప్పు. ఇంక ఎప్పటికీ గోల్లో నిలబడవా?"

"ఎన్నిసార్లు అడగతావక్కా? చెప్పేదానికి నాకేమన్నా తీపిగా ఉందా? నిలబడను. ఎప్పటికీ నిలబడను. చాలా? ఏందక్కా, ఏడస్తుండావా?"

"కంట్లో ఉప్పు పడింది. ఆ గంప బోర్లించి కూర్చో."

"బస్సు..."

"కూర్చోరా. నాయన మీద నీకున్న కోపం ఏంది? నీ నోటితో చెప్పు."

"నీకు తెలీదా?"

"చెప్పు."

"అమ్మ నెల్లూరు ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉంటే నాకు చెప్పలా. ఆ పొద్దున్నే విమానం ఎక్కుంటే అమ్మని కళ్ళారా చూసుండేవాణ్ణి. ఆడ నేను రెండు పెనాల్టీలు పట్టుకోని, జెర్సీ తలకాయ మీద కప్పుకోని పిచ్చోడి మాదిరి ఎగిరినా. అప్పటికే అమ్మ పోయింది. రాత్రికి చెప్పినారు. నేను వచ్చేసరికి మట్టి గూడా అయిపోయింది. ఎందుకు చెప్పలేదు నాయనా అని అడిగితే ఏమన్నాడు? 'నేనే చెప్పొద్దన్నా. వేటకి పోయేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు' అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. కళ్ళలో నీళ్ళు గూడా లేవు."

"ఆ మాట నాయనది కాదు."

"నా చెవులతో విన్నా."

"విన్నావు. అన్నాడు. కానీ ఆయనది కాదు. నాయన పొద్దున్నించీ 'వాడికి చెప్పండి, వాడికి చెప్పండి' అని ఆస్పత్రి వరండాలో తిరగతానే ఉన్నాడు."

"మరి ఎందుకు అట్టా..."

"నీకు నిజం తెలిస్తే మళ్ళా గోల్లో నిలబడలేవని. నువ్వే చెప్పేవాడివి గదా ఫోన్లో, గోలు ఎవరి తప్పు వల్ల పడినా తిట్లు కీపరుకేనని. నాయన ఆ తిట్లు తన నెత్తినేసుకున్నాడు. వాడు ఆడినన్నాళ్ళు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఏం నిజం అక్కా? ఇంక ఆడనని చెప్పినా గదా."

"అందుకే గదరా అన్నిసార్లు అడిగింది."

"చెప్పు మరి."

"ఆ పొద్దున నీకు ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది. నీ ఫోన్ నుంచే. నా అసలు కోపం అదే. నువ్వు చేసినావు గదా, అప్పుడన్నా చెప్పొచ్చు గదా."

"చెప్పనిచ్చినావా?"

"నేను బస్సు మెట్టు మీద ఉండా. గ్రౌండుకి పోయే బస్సు. వెనక డ్రమ్ములు, అరుపులు. నువ్వు 'కొండా' అన్నావు. అంతే అన్నావు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? కసిరినా. నా అలవాటు నీకు తెలుసు. మా టీములో ఒకడు ఎడమ బూటు ముందేసుకుంటాడు, ఒకడు గడ్డి నోట్లో పెట్టుకుంటాడు. నాకు మన పాళెం పద్ధతి. మ్యాచి అంటే నాకు వేటే. బస్సెక్కేటప్పుడు వెనక నుంచి పిలవొద్దని మీ అందరికీ ముందే చెప్పినా గదా."

"ఏమని కసిరినావు?"

"'ఎక్కేటప్పుడు వెనక నుంచి పిలుస్తావా, బుద్ధుందా నీకు? ఏదైనా గానీ, మ్యాచి అయ్యేదాకా నాకు చెయ్యొద్దు, పెట్టెయ్' అన్నా. పెట్టేసినా. సరే, తప్పే. అక్క మీద కసిరినా. అయితే మాత్రం నువ్వు ఇంకోసారి చెయ్యొచ్చు గదా? నాలుగు తిట్టి చెప్పొచ్చు గదా?"

"చెయ్యనీలేదు."

"ఎవరు? నాయనా?"

"నాయన కాదని చెప్పినా గదా. ఆయన నా ఫోన్ తీసుకోని మళ్ళా చెయ్యబోతే మంచం మీద నుంచే చెయ్యి పట్టుకోని ఆపింది. 'బిడ్డ వేటకి పోతుండాడు, పిలవొద్దు. నాదే తప్పు' అనింది."

"ఎవరనింది?"

"అదుగో, బోటు వస్తుంది. పో, పోయి ఒడ్డున నిలబడు."

"అక్కా, ఎవరనింది?"

"ఆ పొద్దున నిన్ను 'కొండా' అని పిలిచింది నేను కాదురా."