ఎడమచేతి అల్లిక

మళ్ళ ఊడింది, అత్తా. చూడు. నిన్న పొద్దుగూకేసరికి మోచెయ్యి దాక అల్లి పెట్టిన. ఇప్పుడు చూస్తె జానెడు గూడ లేదు. స్వెట్టరుకు వీపు అయ్యింది, ముందర రెండు దిక్కులు అయినయ్, కుడిచెయ్యి అయ్యింది. ఈ ఎడమచెయ్యి ఒక్కటి మిగిలి నా పాణం తీస్తున్నది.

ఎలుక అనుకున్న. ఎలుకైతె కొరుకుతది గాని, ఇట్ల సాపుగ గుంజి కుప్ప పోస్తదా? నీ కొడుకును అడిగిన. "నేను ముట్టనే లేదు, ఏసురత్నం" అన్నడు. నిజమే అనిపించింది. అల్లే పుల్లలు చేసిచ్చిందే ఆయన, ఆయనెందుకు ఊడగొడుతడు?

జర ఇటు తిరుగు. నడుము కింద చెయ్యి పెడుత. ఆఁ, అట్ల. మనిషివి సగం అయినవ్ గాని, పడిపోయిన దిక్కు మాత్రం లేపితె లేస్తలేదు. నువ్వొచ్చిన కాడికెల్లి నా నడుము గూడ నీ కుడిచెయ్యి లెక్కనె అయ్యింది. చెప్తున్న, అంతె. తిడుతలేను.

కండ్లు మూసుకోకు. నేను మాట్లాడితె కండ్లు మూసుకునుడు నీకు కొత్త కాదులే. నా పెండ్లయి తొమ్మిదేండ్లాయె, ఒక్క మాటన్న మాట్లాడినవా నాతోని? నన్ను చేసుకోనీకె నీ చిన్నకొడుకు బక్కయ్య బాప్తిస్మం తీస్కొని దానియేలు అయ్యిండని, ఈ కోడేరు దిక్కు మొఖం పెట్టకపోతివి. వడ్డేపల్లిల పెద్దకొడుకు రామన్న ఇంట్లనె ఉంటివి. ఒకసారి వనపర్తి సంతల ఎదురుపడితె, కొంగు అడ్డం పెట్టుకొని పోతివి. యాదికున్నదా? నాకున్నది.

అప్పుడు మాట్లాడొద్దని మాట్లాడకపోతివి. ఇప్పుడు పచ్చవాతం వచ్చి మాట్లాడలేకపోతివి. నాకైతె పెద్ద ఫరక్ లేదు. అప్పుడు నా నోరు గూడ కట్టేసి ఉండె, ఇప్పుడు ఆగుతలేదు. గదొక్కటే.

రామన్న నిన్ను బండిల తెచ్చి వాకిట్ల దించినప్పుడు ఏమన్నడు? "మిషన్ దవాఖాన మీకే దగ్గర. ఒక నెల చూపియ్యిర్రి, చలి పడకముందే తీస్కపోత." నీ చీర మారుస్తుంటె చూసిన, వీపంత పుండ్లు. పెద్దకోడలు జోగులమ్మ నిన్ను తిప్పి పండబెట్టలేదు. ఏమంటం, ఆమెకూ ఉన్నది ఒక్క నడుమే కద.

నెల పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. చలి పడ్డది. రామన్న రాలే. ఆఖరికి నేనే కబురు పంపిన. అవును, నేనే. దాచుడెందుకు? పొద్దంత కూలి, వచ్చినంక పొయ్యి, పొయ్యి కాడికెల్లి నీ బట్టలు, నీ అంబలి, నీ పుండ్లు. పరేషాన్ అయ్యి, మన ఊరి నర్సింహులు బండి కట్టుకొని అటు పోతుంటె, "మా బావను వచ్చి వాళ్ళమ్మను తీస్కపొమ్మను" అని చెప్పిన.

జవాబు ఏం పంపిండు నీ పెద్దకొడుకు? "కృష్ణ దాటియ్యాలె. పుట్టిపడవల కూసుంటె గాలి కోస్తది. గొంగడి కప్పితె అమ్మ మీద నిలుస్తలేదు, జారితె ఎత్తుకోలేదు. నడి ఏట్ల ఏమన్న అయితె ఎట్ల? ఒంటికి పట్టి ఉండేది ఏదన్న తొడిగియ్యిర్రి, అప్పుడొచ్చి తీస్కపోత." ఆ మాట మటుకు నిజమే. నేను గూడ చూస్తున్న కద. గొంగడి జారి కింద పడుతది, నువ్వు వణుక్కుంట పైకప్పు దిక్కు చూస్తుంటవ్.

మిషన్ బడిల ఉన్నప్పుడు దొరసాని నాకు స్వెట్టరు అల్లుడు నేర్పింది. నేనే అల్లుత అన్న. ప్రేమతోని అనుకునేవు. కాదు. ఎంత జల్ది అయితె అంత జల్ది నిన్ను పంపియ్యాలని.

ఉన్ని ఏడిది మరి? దొరసానిని అడిగితె, సీమ ఉన్ని ఓడల మీద వస్తుండె, లడాయి మొదలైన కాడికెల్లి వస్తలేదు, ఉన్న కాసింత సిపాయిల మేజోళ్ళకు పోయింది అన్నది. ఇగ కురుమోళ్ళ జంగమ్మ కాడికి పోయిన. గొంగడి నేయనీకె తయారు పెట్టుకున్న నల్లనూలు ఇచ్చింది, పాపం. చేతికి నున్నగ తగిలింది. ఇంత మంచి నూలు ఊర్లనె పెట్టుకొని సీమది ఎందుకు అడిగిననొ అని మురిసిపోయిన. దొరసాని చెప్పిన తీరుగనె ముందు అరచెయ్యంత ముక్క అల్లి, కుట్లు చూసుకొని, నీ రొమ్ము కొలిచి, వీపు మొదలుపెట్టిన.

ఆ నునుపు నూలుది కాదు. దానికి పట్టిచ్చిన చింతగింజల గంజిది. మగ్గం మీద తెగకుండ కురుమోళ్ళు గంజి పెడతరని చిన్నప్పటికెల్లి చూస్తనే ఉన్న. అల్లేటప్పుడు మతికి రాలే, ఏం చెయ్యాలె. వీపు అయినంక, గొర్రె వాసన పోతదని నీళ్ళల్ల ముంచిన. గంజంత పోయింది. దండెం మీద ఏసి, పనికి పోయొచ్చి చూస్తె సాగి సాగి నేలకు తాకుతున్నది.

నీ కొడుకు దాన్ని ఎత్తిపట్టుకొని, "ఇది అమ్మకా, మన ఎద్దుకా?" అన్నడు. నాకు నవ్వు రాలే. నీ మూతి ఒక్క దిక్కు వంకర పోయింది. ఏడుస్తున్నవేమొ అనుకొని దగ్గరికొచ్చి చూసిన. నవ్వుతున్నవ్. నా పనిని చూసి నవ్వుతున్నవని మస్తు కోపమొచ్చింది ఆనాడు. తర్వాత తర్వాత ఎందుకొ, మళ్ళొకసారి నవ్వుతవా అని చూస్తుంటి.

అదంత ఊడగొట్టి, నూలు కడిగి, ఆరేసి రెండోసారి మొదలుపెడితి. గంజి లేకపోయేసరికి బొచ్చు లేసి నూలు ఉబ్బింది. నా కాడ ఉన్నయేమొ పాత గొడుగు పుల్లలు. ఆ సన్న పుల్లలతోని ఈ లావు నూలు అల్లితె తలుపు చెక్క తీరు వచ్చింది. వంచితె వంగదు. నీ మీద పెట్టి చూస్తె సగానికే వచ్చింది. నీ మెడ గీరుకొని ఎర్రగయ్యింది, నా వేళ్ళు పగిలినయ్. పుల్లలు వాకిట్ల ఇసిరికొట్టిన. నువ్వు చూసినవ్ కద.

తెల్లారి నీ కొడుకు వెదురు చీల్చి, గాజుపెంకుతోని గీకి, లావు పుల్లలు చేసిచ్చిండు. గప్పుడు కుదిరింది. మెత్తగ, వెచ్చగ వచ్చింది. కాని ఏం లాభం? కొలత కుదిరేసరికి నువ్వు కుదరకపోతివి. ముందు కొలిచిన మనిషివి లేవు, చిక్కిపోయినవ్. రెండు గుటకల అంబలి ఎక్కువ తాగమంటె వింటివా? మళ్ళ కుట్లు తగ్గిచ్చుకున్న.

నూలుండ దొర్లిపోతున్నదని నీ ఎడమచేతిల పెట్టిన. నేను గుంజినంత నువ్వు వదులుతుంటివి. పని నుంచి వచ్చి గట్ల కూసుంటె, కాళ్ళనొప్పులు గూడ మరిచిపోతుంటి. ఇంట్ల ఎవరున్నరు నాకు మాట్లాడనీకె? నీ కొడుకు పొద్దుగాల పోతె చీకటి పడ్డంకనె వస్తడు.

నీ మెడల ఉన్న ఎల్లమ్మ తాయెత్తు, స్నానానికి తీసి మళ్ళ నేనే కడుతున్న. మొన్న యోహాను అయ్యగారు ప్రార్థనకొచ్చి చూసిండు. ప్రార్థన చేసి పోయిండు. అదేందని అడిగితె ఏం చెప్పాలెనొ నాకూ తెల్వదు.

ఇగ నాలుగైదు దినాల కింద నర్సింహులు తెచ్చిన కబురు నువ్వూ విన్నవ్. ఇదే మంచంల ఉంటివి. "స్వెట్టరు అయ్యిందంటె ఈ బుధవారమే వస్త. అమ్మ నా ఇంట్లనె పోవాలె. కిరస్తానోళ్ళ ఇంట్ల పోతె పిండం ఎవరు పెడుతరు? కులంల నేనేం మొఖం పెట్టుకొని తిరగాలె?" గదీ రామన్న మాట. బతకనీకె కాదు, పోనీకె తీస్కపోతడంట. "ఒక్క ఎడమచెయ్యి మిగిలింది, రెండు దినాలల్ల అయితది" అని నేనంటి. ఆ తెల్లారి కాడికెల్లే ఊడుడు మొదలైంది.

ఇయ్యాల ఏదొకటి చెప్పాలె. నర్సింహులు ఎద్దులకు నీళ్ళు తాపి వస్తనన్నడు, ఇటునుంచి ఇటే వడ్డేపల్లికి పోతడు.

సరె, ఆ చెయ్యి ఇటియ్యి. ఉన్నకాడికి తొడిగి చూస్త. పిడికిలి ఇడువు. ఇడువు అత్తా, మూసుకుంటె ఎట్ల దూరుతది?

ఇదేంది? గోర్లల్ల ఈ నల్లబొచ్చు ఏంది? పిడికిట్ల ఈ నూలేంది? వంకర్లు వంకర్లుగ ఉన్నది, అల్లినంక ఊడదీసిన నూలు.

నువ్వా?

ఇన్ని దినాలు ఎలుకను తిట్టిన, మొగన్ని తిట్టిన. ఒక్క చేత్తోని పుల్ల గుంజి, ఒక్కొక్క కుట్టు ఊడదీసుకుంట కూసున్నవా? నా అల్లిక నచ్చకనా? కాదు, నచ్చకపోతె వీపు గూడ గుంజుతుంటివి. వీపు ముట్టలే, కుడిచెయ్యి ముట్టలే. ఆఖరుది అయితె పంపిస్తనని దీన్నే పట్టినవ్.

కండ్లు మూసుకోకు. ఈ ఒక్కసారన్న నా మొఖం చూడు. రామన్న కాడికి పోవా? ఇన్నేండ్లు నా గడప తొక్కనిదానివి, నా చేతులల్ల పోతవా?

వేళ్ళు నొస్తున్నయ్, అంత గట్టిగ పట్టుకోకు. సరె. సమజైంది, ఇడువు.

ఏడ్వకు. నాకు తుడిచే ఓపిక లేదు.

నువ్వు పోతె నడుము వాల్చి హాయిగ పండుకుంట అని ఎన్నిసార్లు అనుకున్ననొ ఆ దేవునికే ఎరుక. ఇప్పుడు గూడ అనుకుంటున్న. కాని ఆ కుక్కిమంచం ఖాళీగ ఉంటె, పనికెల్లి వచ్చి నేనెవరికి చెప్పుకోవాలె ఇవన్ని?

అగో, ఎద్దుల గంటలు. నువ్వు కదలకు.

"నర్సింహులన్నా, మా బావకు చెప్పు. స్వెట్టరు ఇంక కాలే. ఎడమచెయ్యి మిగిలింది. ఒంటిచెయ్యి స్వెట్టరుతోని ఏరెట్ల దాటిస్తం, నువ్వే చెప్పు. ఎప్పుడైతదా? నాకేం తెల్సు అన్నా, అది గొంగడి నూలు, సీమది కాదు. ఒకనాడు అల్లిక వస్తది, ఒకనాడు ఊడిపోతది. చూస్తున్నం. నీళ్ళు తాగి పో."

పోయిండు. నమ్మిండొ లేదొ. రామన్న మళ్ళ అడుగుతడు, మళ్ళ చెప్తం. పిండం సంగతి గప్పుడు చూసుకుంటం, నీ కొడుకులున్నరు, వాళ్ళు వాళ్ళు తిట్టుకుంటరు.

ఇటు తిరుగు, అయినకాడికి తొడుగుత. ముందు పడిపోయిన చెయ్యి. ఆఁ. వెచ్చగున్నదా? ఈ ఎడమచేతికి నా పాత చీర పేలిక చుడుత, చలి ఆగుతది. పొద్దుగూకేలోపల నాలుగు వరుసలు అల్లి, మంచంపట్టి కాడ నీకు అందేటట్టు పెడుత.

గుంజేటప్పుడు మాత్రం జర నిదానంగ గుంజు, అత్తా. తెంపకు. తెగితె ముడేసుడు మళ్ళ నాకే పని.