గెలుస్తూ చాపిన చెయ్యి

కెనడాలోని సస్కాచెవాన్ ప్రావిన్సులో, మంచు మీద బరువైన రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట మహిళల ఫైనల్లో సగం ఆట అయ్యాక ఇచ్చే విరామం. మంచు రింకు వెనక గదిలో ఒకే జట్టులో ఆడే అక్కచెల్లెళ్లు ఇద్దరే ఉన్నారు. అక్క జట్టు నాయకురాలు. చెల్లెలికి ఏడో నెల.

“ఈ నారింజ తొన తిను. మొహమేంటే అలా పాలిపోయింది?”

“ఏం లేదక్కా. పద, పిలుస్తారు.”

“రాయి వదిలి లేచిన ప్రతిసారీ పొట్ట తడుముకుంటున్నావు. నొప్పా?”

“నొప్పయినా బాగుండేది.”

“అంటే?”

“పొద్దున్నించి బిడ్డ కదల్లేదు. రోజూ నేను మంచు మీదికి దిగితే చాలు, తన్నేది.”

“ఇప్పుడా చెప్పడం?”

“చెబితే ఆడనిస్తావా? ఈ ఫైనల్ కోసం ఎన్నేళ్లు ఏడ్చావు? పైగా మనమే ముందున్నాం. ఇంకో గంట ఓర్చుకుంటా.”

“కోటు వేసుకో. ఆసుపత్రికి పోదాం.”

“నేనొక్కదాన్నే వెళ్తా. మీరు ముగ్గురూ ఆడండి.”

“ఈ మంచు తుపానులో ఒక్కదానివే కారు నడుపుతావా?”

“నువ్వూ వస్తే మిగిలేది ఇద్దరే. ఇద్దరితో ఆడనివ్వరక్కా.”

“తెలుసు.”

అక్క తలుపు తోసుకుని మంచు మీదికి వెళ్లింది. అవతలి జట్టు నాయకురాలు ఓలెనా ముందు నిలబడి, గ్లవ్ తీసి చెయ్యి చాపింది. ఓలెనా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

గుమ్మంలోంచి చూస్తున్న చెల్లెలు, అక్క తిరిగి రాగానే అంది: “ఆట వదిలేసి చెయ్యి కలిపేది ఓడిపోయేవాళ్లు కదక్కా. మనం గెలుస్తున్నాం.”

“నీ చెయ్యి పొట్ట మీదే ఉంచు. కదిలితే చెప్పు.”