మొదళ్లు లేని బుట్ట

టీకొట్టావిడ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టేసరికే ఆమె బావగారు కథలో సగం కొండ ఎక్కేశారు. లారీ నడపడం మానేసినా, ఆయన నోరు మాత్రం ఇంకా టాప్ గేరులోనే ఉంది. పొద్దున్నే అడవికెళ్లి బుట్టెడు పుట్టగొడుగులు తెచ్చి, మధ్యాహ్నానికి అందరికీ కూర చెయ్యమని పొయ్యి పక్కన పెట్టారు. అవి తినొచ్చో లేదో ఆవిడకి తెలియదు. అడిగితే పెద్దాయన నొచ్చుకుంటారు. అడక్కుండా వండితే, తినేది బెంచీ మీదున్న దర్జీ, తాపీమేస్త్రీ.

“మొదట కనిపించింది నా అరచేతంతే ఉంది,” అంటున్నారు బావగారు. “నీలం రంగు, పుస్తకాల్లో కూడా లేని రకం. ఇంకాస్త పైకెళ్తే దాని అన్నగారు, లారీ చక్రమంత. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన. పరిగెత్తి ఒక పందిరి కింద దూరాను, నా వెనకే ఓ మందెడు మేకలు, వాటి కాపరి, తీరా తలెత్తి చూద్దును కదా, అది పందిరి కాదు, పుట్టగొడుగు.”

మేకలు దాన్ని బతకనిచ్చాయా అని దర్జీ అడిగాడు. అందితేగా, అన్నారాయన. అంతలో గాలి లేచిందట, గొడుగు లేచిందట, కాడ పట్టుకుని ఈయనా లేచి లోయ దాటేశారట.

“మరి దిగడం?” అన్నాడు మేస్త్రీ.

“చాకు తీశా, కాడ సర్రున కోశా, కింద మెత్తగా పుట్టగొడుగుల గుంపు మీద పడ్డా. అవే ఇవి. వీటినీ కాడ దగ్గరే కోశా, ఒక్కదానికైనా మట్టి అంటిందేమో చూడండి.”

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి బుట్టలోకి చూసింది. వాళ్ల పుట్టింట్లో పుట్టగొడుగుని కోసేవారు కాదు, పుల్లతో మట్టి కదిలించి మొదలంటా పెకలించేవారు.

“బావగారూ, వీటి మొదళ్లేవి?”

“కొండమీదున్నాయమ్మా. మొదలెవరు తింటారు?”

“తినడానికి కాదు, చూడ్డానికి. మొదట్లో తెల్లటి సంచీలాంటిది ఉంటే విషమని మావాళ్లు ముట్టుకునేవారు కాదు.” ఆవిడ బాణలి తీసి పొయ్యి మీద పెట్టింది. “సరే, ఈ పూటకి మీ ఒక్కరికే వండిపెడతాను. ఎల్లుండి కూడా మీరు ఇదే బెంచీ మీద కూర్చుని కథ చెబుతుంటే, అప్పుడు మేమూ తింటాం.”

బావగారు బుట్టకేసి చూశారు. ఎందుకో పొద్దున్నుంచీ ఆకలిగా లేదన్నారు.

“మాకూ లేదు,” అంటూ దర్జీ తన పళ్లెం బోర్లించాడు.